డ్యాష్‌బోర్డులో ఫిల్టర్: ఎంపికకు తగిన లెక్క

గణాంకాల డ్యాష్‌బోర్డులో కోరిన వివరాలను మాత్రమే వడకట్టి చూపే సాధనం ఫిల్టర్. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌కు ఇటువంటి డ్యాష్‌బోర్డు ఉంది. ఇళ్లకు ఇచ్చిన కుళాయి కనెక్షన్ల వివరాలను అందులో రాష్ట్రం నుంచి గ్రామం దాకా చూడవచ్చు.

రాష్ట్రాన్ని ఎంచుకోగానే జిల్లాల జాబితా ఆ రాష్ట్రానికే పరిమితం కావాలి. అంతకుముందు ఎంచుకున్న వేరే రాష్ట్రపు జిల్లా తొలగిపోవాలి. పటం, పట్టిక, మొత్తం ఒకేసారి మారాలి.

శాతాన్ని మూల సంఖ్యల నుంచే మళ్లీ లెక్కించాలి. 100 ఇళ్ల గ్రామంలో 90 ఇళ్లకు, 1,000 ఇళ్ల గ్రామంలో 300 ఇళ్లకు కుళాయిలు ఉన్నాయనుకుందాం. శాతాల సగటు 60. అసలు శాతం సుమారు 35. వివరాలు అందని గ్రామానికి సున్నా చూపరాదు. ఈ నియమాలు తప్పితే, నీరందని ఊరు సగటు చాటున మరుగున పడుతుంది.