ఎర్ర చెల్కల నుంచి మూకుట్లోకి: మేడ్చల్, శామీర్‌పేట సీమలో కందగడ్డ వేపుడు

తెలంగాణలో కందగడ్డ అనీ రత్నపురి గడ్డ అనీ, కోస్తాలో చిలగడదుంప అనీ పిలిచే తీపి దుంప అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలలో పుట్టి, 16వ శతాబ్దంలో పోర్చుగీసు నావికుల వెంట భారత పశ్చిమ తీరానికి చేరిందన్నది చరిత్రకారులలో ఎక్కువమంది అంగీకరించే మాట. ఆ దుంపను చక్రాలుగా కోసి, పల్లినూనెలో వేయించి, ఉప్పూ కారమూ చల్లి పిల్లల చేతికిచ్చే తినుబండారంలో పల్లి, మిరప కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే కాబట్టి, తాతముత్తాతల నాటిదనిపించే ఈ వంటకానికి తెలుగునేల మీద ఐదు వందల ఏళ్లకు మించిన వయసు ఉండే అవకాశం లేదు.

హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట గ్రామాలు నిజాం కాలంలో అత్రాఫ్-ఎ-బల్దా అనే జిల్లాలో, అంటే రాజధానిని చుట్టి ఉండి, సర్ఫ్-ఎ-ఖాస్ పేరుతో పాలకుని సొంత ఖజానాకు శిస్తు చెల్లించిన భూముల జిల్లాలో ఉండేవి. 1978లో రంగారెడ్డి జిల్లాలోకి, 2016 అక్టోబరు 11 నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చాయి. ఇక్కడి భూముల్లో చాలా భాగం ఎర్ర చెల్క, అంటే ఇసుక పాలు ఎక్కువగా ఉండి నీరు నిలవని తేలిక నేల. గడ్డ ఊరడానికి అటువంటి నేలే కావాలి. ఈ పంటను విత్తనంతో కాక తీగ ముక్కలతో వేస్తారు, అది సుమారు నాలుగు నెలల్లో తవ్వకానికి వస్తుంది కాబట్టి, వానలు వెనకబట్టాక బోదెల మీద నాటిన తీగ సరిగ్గా మహాశివరాత్రి నాటికి అక్కరకు వస్తుంది.

ఈ కాలయోగమే కందగడ్డకు పండుగ గౌరవం తెచ్చిందనడం సమంజసం. శామీర్‌పేటకు దగ్గరలోని కీసరగుట్టపై రామలింగేశ్వరుని జాతర జరిగే ఆ రోజుల్లో ఈ ప్రాంతపు అంగళ్లలో గడ్డలు రాశులుగా కనిపిస్తాయి, ఉపవాసమున్నవారు ధాన్యం మాని ఉడికించిన కందగడ్డతో రోజు గడుపుతారు. కందమూలాలు వ్రతానికి తగినవన్న భావన ఈ గడ్డ రాకకు ఎంతో ముందునుంచీ ఉంది గనుక, కొత్తగా వచ్చిన దుంప ఏ అభ్యంతరమూ లేకుండా ఆ వరుసలో చేరిపోయింది; ఆచారం తన నియమాన్ని మార్చుకోకుండానే కొత్త వస్తువును ఇముడ్చుకున్న తీరుకు ఇంతకంటే చక్కని ఉదాహరణ అరుదు.

వేపుడు మాత్రం ఆ తరువాతి దశ. ఉడకబెట్టడానికి నీళ్లు, కాల్చడానికి పొయ్యిలోని నిప్పులు చాలు. మూకుడు నిండా నూనె పోయాలంటే గానుగలో నువ్వులో కుసుమలో పల్లీలో ఆడించాలి, అందుకే సాధారణ కుటుంబాల్లో అటువంటి వంట సకినాలు, గారెలు, అరిసెలు చేసే పండుగలకే పరిమితమైంది. 20వ శతాబ్దం రెండో సగంలో మిల్లు నూనె, తరువాత రేషన్ దుకాణాల పామోలిన్ అందుబాటులోకి వచ్చాకే సాయంత్రపు చిరుతిండిగా వేపుడు మామూలు ఇళ్లలో నిలదొక్కుకుందని భావించవచ్చు.

ఆలుగడ్డకు అలవాటైన చేయి కందగడ్డ దగ్గర తడబడడానికి కారణం దానిలోని చక్కెర. గడ్డ వేడెక్కేటప్పుడు, సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య, దానిలోని ఎంజైము, అంటే రసాయన మార్పును వేగిరపరిచే సహజ పదార్థం, పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. ఆ చక్కెర బాగా కాగిన నూనెలో లోపలి తేమ పోకముందే నల్లబడి చేదెక్కుతుంది. అందువల్ల చక్రాలను పలుచగా కోసి, ఉప్పునీటిలో కాసేపు ఉంచి, గుడ్డ మీద ఆరబెట్టి, మధ్యస్థమైన మంట మీద కలుపుతూ వేయించి, రంగు ఇంకా లేతగా ఉండగానే తీయడం మేలు, ఎందుకంటే మూకుట్లోంచి తీశాక కూడా రంగు కొంత ముదురుతుంది. శనగపిండి జారులో ముంచి వేసే బజ్జీలో పైపొర కాపాడుతుంది కాబట్టి ముక్క కాస్త మందంగా ఉన్నా ఇబ్బంది లేదు.

నూనె వంట అనగానే పోషణ విలువను కొట్టిపారేయడం తొందరపాటు. విటమిన్ ఎ లోపం వల్ల పిల్లలకు కలిగే అంధత్వంపై హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ జరిపిన పరిశోధనల ఆధారంగానే 1970లో ఆ విటమిన్ మోతాదులిచ్చే జాతీయ పథకం మొదలైంది. ఆ విటమిన్‌కు మూలమైన బీటా కెరోటిన్ కొవ్వుతో కలిసినప్పుడే శరీరానికి బాగా పడుతుంది. స్థానికంగా దొరికే ఎర్రతొక్క, తెల్లకండ గడ్డలో అది స్వల్పమే కాగా, తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ 2017లో విడుదల చేసిన నారింజ రంగు ‘భూ సోనా’ రకంలో 100 గ్రాములకు సుమారు 14 మిల్లీగ్రాములు ఉంటుంది. చెల్కలు వెంచర్లుగా మారిపోతున్న మేడ్చల్, శామీర్‌పేటలలో ఇంటి వంటకు కావలసిన గడ్డ ఇప్పుడు పక్క చేను నుంచి కాక మార్కెట్ నుంచే ఎక్కువగా వస్తోంది కనుక, ఈ రకం ఆ మార్కెట్లకు చేరడం వండుకునేవారికి ఎంతో అవసరం.