అరువు నాదం: శాంపిల్ ఆధారిత చిల్‌అవుట్ ఆల్బమ్‌ల చరిత్ర

ఇరవయ్యో శతాబ్దపు చివరి పదేళ్లలో బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి వెలువడిన కొన్ని ఎలక్ట్రానిక్ సంగీత ఆల్బమ్‌లలో వాటి కర్తలు స్వయంగా వాయించినది అతి స్వల్పం. అయినా ఆ కాలపు సంగీతంలో అత్యంత స్వతంత్రమైన సృష్టిగా వాటికి పేరు వచ్చింది. ఎప్పుడో ఎవరో పాడిన, వాయించిన రికార్డుల నుంచి ఒక తంత్రి మీటు, ఒక డ్రమ్ము దరువు, ఒక మాట వంటి చిన్న తునకలను తీసుకుని, వాటిని సాగదీసి, కుదించి, తిరగేసి, ఒకదానితో ఒకటి జతచేసి కొత్త రచనగా మలచడం వీటి పద్ధతి. అలా తీసుకున్న తునకను శాంపిల్ అనీ, ఆ ప్రక్రియను శాంప్లింగ్ అనీ అంటారు. నృత్యశాలల హోరు నుంచి బయటపడిన శ్రోత సేదతీరడానికి ఉద్దేశించిన నెమ్మదైన, విస్తారమైన ఎలక్ట్రానిక్ సంగీతాన్ని చిల్‌అవుట్ అని వ్యవహరిస్తారు. ఈ రెండు ధోరణులు కలిసిన చోట పుట్టిన ఆల్బమ్‌ల ఆకర్షణ అర్థం కావాలంటే వాటిని తయారుచేసిన యంత్రాలను, ఆ యంత్రాల పరిమితులను, పాత రికార్డులను ఓపికగా విన్న మనుషులను, ఆ రికార్డులలో తమ గొంతును, పనితనాన్ని నిక్షిప్తం చేసి వెళ్లిన తొలి కళాకారులను కలిపి చూడవలసి ఉంటుంది.

ముద్రించిన ధ్వనినే ముడిసరుకుగా వాడుకునే ఆలోచనకు తొలి స్పష్టమైన రూపం పారిస్‌లో వచ్చింది. ఫ్రెంచి రేడియోలో ఇంజనీరుగా పనిచేసిన పియర్ షాఫెర్ 1948లో ఆ నగరంలోని బాతిన్యోల్ స్టేషన్ వద్ద ఆవిరి ఇంజన్ల కూతలను, చక్రాల చప్పుళ్లను ముద్రించి, వాటితో ఒక చిన్న రచన కూర్చాడు. ఆ ఏడాది అక్టోబర్ 5న అది అటువంటి మరికొన్ని రచనలతో పాటు రేడియోలో ప్రసారమైంది. టేపు రికార్డరు ఇంకా చేతికి రాని ఆ రోజుల్లో ఆయన పనిముట్టు గ్రామఫోను రికార్డే కాబట్టి, దాని మీది గాడి లోపలికి సాగిపోకుండా తన మొదటి చోటికే తిరిగివచ్చి కలిసేలా కోయించేవాడు; అప్పుడు ముల్లు అక్కడే తిరుగుతూ ఒకే చప్పుడును ఎడతెగకుండా వినిపించేది. ఇంజను శబ్దం పదేపదే వినపడేసరికి అది ఇంజన్ను గుర్తుచేయడం మానేసి లయగా, ధ్వనిగా మాత్రమే చెవికి తోస్తుందని ఆయన గ్రహించాడు. తర్వాతి తరాలు లూప్ అని పిలిచిన పునరావృతికి, దాని ఆధారంగా నిలిచిన సంగీతానికంతటికీ ఈ గ్రహింపే పునాది.

అయితే షాఫెర్ ప్రయోగాలు రేడియో స్టూడియోల, సంగీత సంస్థల గోడలు దాటి జనంలోకి వెళ్లలేదు. ఆ పని జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో జరిగింది. అక్కడ ఎలక్ట్రానిక్ పరికరాల పనిలో ఆరితేరిన కింగ్ టబ్బీ 1970ల తొలినాళ్లలో అప్పటికే విడుదలైన పాటల నుంచి గాత్రాన్ని తొలగించి, బేస్‌ను, డ్రమ్స్‌ను ముందుకు తెచ్చి, మిగిలిన ధ్వనులకు ప్రతిధ్వనులు జోడించి డబ్ అనే శైలిని తీర్చిదిద్దాడు. పూర్తయిన పాట కూడా మరొకరి చేతిలో ముడిసరుకు కాగలదనే భావన ఆ విధంగా స్థిరపడింది. కింగ్‌స్టన్‌లోనే పుట్టి న్యూయార్క్‌కు వలసవెళ్లిన క్లైవ్ కాంబెల్, అంటే డీజే కూల్ హెర్క్, 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లోని సెడ్జ్‌విక్ అవెన్యూ 1520వ నంబరు భవనంలో జరిగిన విందులో రికార్డులు వినిపించాడు. గాత్రం ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే ఘట్టాన్ని, ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు టర్న్‌టేబుళ్ల మీద మార్చిమార్చి వాయిస్తూ ఎంతసేపయినా పొడిగించే పద్ధతికి ఆయనే ఆద్యుడు. బ్రేక్ అని పిలిచే ఆ కొద్ది సెకన్ల డ్రమ్ము ఘట్టం నుంచి హిప్‌హాప్ పుట్టింది. శాంపిల్ ఆల్బమ్‌లకు లయ కూడా అక్కడి నుంచే అందింది.

చేతితో జరుగుతున్న ఈ పనిని డిజిటల్ శాంప్లర్ అనే యంత్రం మార్చివేసింది. ధ్వనిని అంకెలుగా మార్చి జ్ఞాపకంలో ఉంచుకుని, మీట నొక్కినప్పుడల్లా కోరిన శ్రుతిలో వినిపించే ఈ యంత్రాలలో 1979లో సిడ్నీ నుంచి వచ్చిన ఫెయిర్‌లైట్ సంపన్న స్టూడియోలకే అందుబాటులో ఉండగా, 1987లో ఈము సంస్థ తెచ్చిన ఎస్‌పి-1200, 1988లో రోజర్ లిన్ రూపకల్పనతో అకాయ్ సంస్థ తెచ్చిన ఎంపీసీ60 సాధారణ సంగీతకారుల గదుల్లోకి చేరాయి. ఎస్‌పి-1200 మొత్తం జ్ఞాపకశక్తి సుమారు 10 సెకన్లు. అందులో ఒక్కొక్క శాంపిల్‌కు రెండున్నర సెకన్లకు మించి చోటు ఉండేది కాదు. ఆ ఇరుకును అధిగమించడానికి సంగీతకారులు నిమిషానికి 33 చుట్లు తిరగవలసిన రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి, ఆ తొందర ధ్వనిని తక్కువ సమయంలో పట్టుకుని, తర్వాత యంత్రంలో దాని శ్రుతిని కిందికి దించేవారు. అలా దించినప్పుడు ధ్వనిలో సన్నని గరుకుదనం, పాత రేడియో నుంచి వినపడుతున్నట్టుండే మసక చేరుకునేవి. ఈ ఆల్బమ్‌లలో శ్రోతలు ప్రేమించే వెచ్చదనంలో కొంత భాగం చాలీచాలని యంత్రంతో మనుషులు పడిన తంటాల నుంచి వచ్చినదే.

చిల్‌అవుట్ అనే వ్యవహారం స్థిరపడినది లండన్ నృత్యశాలల్లో. 1989లో హెవెన్ అనే క్లబ్‌లో పాల్ ఓకెన్‌ఫోల్డ్ నడిపిన సోమవారం రాత్రుల కార్యక్రమంలో, ప్రధాన మందిరంలో హోరెత్తే సంగీతానికి దూరంగా ఒక ప్రత్యేక గదిని అలెక్స్ పాటర్సన్, జిమ్మీ కాటీలకు అప్పగించారు. ఆడి అలసినవారు కూర్చునే ఆ గదిలో వారు డ్రమ్ములు లేని దీర్ఘ సంగీతాన్ని, పక్షుల కూతలు, అలల సవ్వడి, రేడియో మాటల తునకలతో పొరలు పొరలుగా కలిపి, రాత్రంతా తెంపు లేకుండా వినిపించేవారు. ఆ గది నుంచే రెండు పాయలు బయలుదేరాయి. పాటర్సన్ నడిపిన ది ఆర్బ్ బృందం 1990లో విడుదల చేసిన లిటిల్ ఫ్లఫీ క్లౌడ్స్‌లో, గాయని రికీ లీ జోన్స్ తన బాల్యపు ఆకాశాన్ని గురించి ఒక ఇంటర్వ్యూలో చెప్పిన మాటలు స్వరకర్త స్టీవ్ రైక్ గిటారు రచనలోని తునకల మీద తేలుతూ వినిపిస్తాయి. మామూలు సంభాషణలోని ఎత్తుపల్లాలు అక్కడ రాగచ్ఛాయను సంతరించుకుంటాయి.

రెండో పాయ కేఎల్‌ఎఫ్ బృందానిది. బిల్ డ్రమండ్‌తో కలిసి కాటీ 1990 ఫిబ్రవరిలో విడుదల చేసిన చిల్ అవుట్ ఆల్బమ్ సుమారు 44 నిమిషాల ఏకధార. అమెరికా గల్ఫ్ తీరం వెంబడి టెక్సస్ నుంచి లూసియానా వరకు సాగే రాత్రి ప్రయాణంగా దానిని ఊహించారు. దూరాన పోతున్న రైళ్లు, గొర్రెల అరుపులు, మధ్య ఆసియాలోని తువా ప్రాంతపు కంఠగానం, స్టీల్ గిటారు, వాటి మధ్య తెరలు తెరలుగా వచ్చిపోయే ఎల్విస్ ప్రెస్లీ గొంతు అందులో వినిపిస్తాయి. మధ్యలో అతుకులు వేయకుండా ఒక్క ఊపులో ముద్రించాలనే నియమం పెట్టుకున్నందువల్ల, చివరికొచ్చాక తప్పు దొర్లితే మళ్లీ మొదటినుంచి ప్రారంభించవలసి వచ్చేదని దాని కర్తలే చెప్పారు. ప్రెస్లీ పాట ఇక్కడ పాటగా మిగలదు. రాత్రివేళ రహదారి మీద పోతున్న కారు రేడియోలో ఒక స్టేషను అంది, అంతలోనే జారిపోయినట్టు వినపడుతుంది. జనమంతా ఎరిగిన గొంతును దూరం చేసి, ఆ దూరాన్నే సంగీతభావంగా మార్చడం ఈ ఆల్బమ్ సాధించిన కొత్త విషయం.

ఇదే కాలంలో బ్రిస్టల్ నగరంలో, జమైకా వలసదారుల ద్వారా వచ్చిన భారీ స్పీకర్ల సౌండ్ సిస్టమ్ సంప్రదాయం, అమెరికా హిప్‌హాప్, పాత సోల్ రికార్డులు కలిసి మందగతి గల మరో శైలి రూపొందింది. మాసివ్ అటాక్ బృందం 1991లో తెచ్చిన బ్లూ లైన్స్, పోర్టిస్‌హెడ్ బృందం 1994లో తెచ్చిన డమ్మీ దాని ముఖ్య కృతులు. డమ్మీ తయారీలో పోర్టిస్‌హెడ్ అనుసరించిన పద్ధతి శాంపిల్ కళ సారాన్ని పట్టిస్తుంది. వారు తామే వాద్యాలు వాయించి, ఆ సంగీతాన్ని వినైల్ రికార్డుగా అచ్చువేయించి, కావాలని దానిని అరగదీసి, గీతలు పడ్డాక దాని నుంచి శాంపిళ్లు తీసుకునేవారు. నిన్న వాయించిన సంగీతానికి ముప్పై ఏళ్ల వయసు ఆపాదించడానికి వారు అంత శ్రమపడ్డారంటే, తునకకు విలువ దాని స్వరాల వల్ల మాత్రమే రాదని, దానికి అంటుకున్న కాలం వల్ల కూడా వస్తుందని వారు గుర్తించారన్నమాట.

కాలిఫోర్నియాకు చెందిన జాష్ డేవిస్ డీజే షాడో పేరుతో 1996లో విడుదల చేసిన ఎండ్‌ట్రడ్యూసింగ్ ఆల్బమ్‌లో ఈ కళ పరిపక్వమైంది. శాక్రమెంటోలోని ఒక పాత రికార్డుల దుకాణం నేలమాళిగలో కప్పు దాకా గుట్టలుగా పేర్చి ఉన్న, ఎవరూ కొనని రికార్డుల మధ్య ఆయన ఏళ్ల తరబడి వెతికాడు. ప్రఖ్యాత పాటల జోలికి ఎక్కువగా పోకుండా, అమ్ముడుపోని జాజ్, సోల్, రాక్ రికార్డులలో మరుగునపడిన కొన్ని సెకన్ల సౌందర్యాన్ని ఏరి, పదహారు మీటల ఎంపీసీ60 మీద వాటిని అమర్చాడు. మిడ్‌నైట్ ఇన్ ఎ పర్ఫెక్ట్ వరల్డ్ అనే రచనలో లాస్ ఏంజెలెస్ స్వరకర్త డేవిడ్ ఆక్సెల్‌రాడ్ రికార్డులోని పియానో, ఫిన్లండ్ సంగీతకారుడు పెక్కా పోహ్యోలా రికార్డులోని తునక పక్కపక్కన నిలుస్తాయి. జీవితంలో ఎన్నడూ కలిసి వాయించని మనుషులు ఒకే గదిలో ఒకే విషాదాన్ని పంచుకుంటున్నట్టు వినపడుతుంది. పూర్తిగా శాంపిళ్లతో నిర్మించిన తొలి ఆల్బమ్‌గా గిన్నిస్ గ్రంథం 2001లో దీనిని నమోదు చేసింది.

ఈ సంగీతం శ్రోతకు విశ్రాంతినిచ్చే తీరును తాళంతో పోల్చి చూస్తే దాని ప్రత్యేకత తేటపడుతుంది. తాళంలో ప్రతి ఆవర్తంలోనూ తిరిగివచ్చేది లెక్క. ఆ లెక్క మీద మృదంగ విద్వాంసుడు ప్రతిసారీ కొత్తగా వాయిస్తాడు. లూప్‌లో తిరిగివచ్చేది ఒకానొక రోజున ఒకానొక గదిలో వాయించినదే. వాద్యకారుడి వేలి ఒత్తిడి, ఆ గది గాలి, రికార్డు మీది గీత చేసే చిటపట శబ్దం ఏ మార్పూ లేకుండా మళ్లీ వస్తాయి. మారనిది పక్కన ఉన్నప్పుడు చుట్టూ మారుతున్న చిన్న సంగతులు స్పష్టంగా వినిపిస్తాయి. తర్వాత ఏం వస్తుందోనన్న ఆత్రం తగ్గి చెవి లోతుకు దిగుతుంది. పైగా ప్రతి తునక తన పాత ప్రపంచపు ఛాయను వెంట తెస్తుంది కాబట్టి, శ్రోత ఒకే సమయంలో అనేక కాలాలలో ఉన్న అనుభూతి పొందుతాడు. సింథసైజర్ మాత్రమే వాడిన నెమ్మదైన సంగీతం ఎంత మధురంగా ఉన్నా ఈ గుణం దానికి సులభంగా అబ్బదు.

మెల్‌బోర్న్‌కు చెందిన ది అవలాంచెస్ బృందం 2000 నవంబరులో విడుదల చేసిన సిన్స్ ఐ లెఫ్ట్ యూ ఈ పద్ధతిని దాని అంచుల దాకా తీసుకెళ్లింది. అందులో సుమారు 3,500 శాంపిళ్లు ఉన్నాయని అంచనా. గుర్రపు సకిలింపులు, సినిమా సంభాషణలు, చవక దుకాణాల్లో దొరికిన ఆర్కెస్ట్రా రికార్డులు కలగలిసి, ఒక పాట మరో పాటలోకి ఒరిగిపోతూ, ఓడ ప్రయాణపు ఉల్లాసాన్ని కలిగిస్తాయి. ఇటువంటి ఆల్బమ్ మళ్లీ రావడం కష్టమైపోవడానికి ముఖ్య కారణం చట్టం. కేఎల్‌ఎఫ్ ద్వయమే 1987లో మరో పేరుతో తెచ్చిన తొలి ఆల్బమ్‌లో స్వీడన్ బృందం ఆబా పాటను వాడినందుకు ప్రతులను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 1991 డిసెంబరులో న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానం గిల్బర్ట్ ఓ సల్లివాన్ పాట వినియోగంపై తీర్పునిస్తూ అనుమతి లేని శాంప్లింగ్‌ను దొంగతనంతో సమానం చేసింది. 2005లో మరో అమెరికా అప్పీలు న్యాయస్థానం రెండు సెకన్ల గిటారు తునకకైనా లైసెన్సు తప్పనిసరి అన్నది. 2016లో ఇంకొక అప్పీలు న్యాయస్థానం పావు సెకను లోపు తునకను పట్టించుకోనవసరం లేదని దానితో విభేదించింది. అనుమతుల ఖర్చు, జాప్యం పెరిగిన ఈ వాతావరణంలో అవలాంచెస్ రెండో ఆల్బమ్ రావడానికి 16 ఏళ్లు పట్టింది.

చట్టాన్ని సృజనకు శత్రువుగా మాత్రమే చూడడం న్యాయం కాదు. సంగీతకారుడు మోబీ 1999లో తెచ్చిన ప్లే ఆల్బమ్ కోటికి పైగా ప్రతులు అమ్ముడై, అందులోని పాటలన్నీ ప్రకటనలకు, సినిమాలకు, టెలివిజన్‌కు లైసెన్సు పొందాయి. అందులో ఎక్కువ మందిని కదిలించిన గొంతులలో ఒకటి అలబామాకు చెందిన వేరా హాల్‌ది. వంటపని, బట్టలుతికే పని చేసి బతికిన ఆ నల్లజాతి గాయని పాటలను జానపద సేకర్తలు రికార్డు చేయగా, ఆమె 1964లోనే మరణించింది. జేమ్స్ బ్రౌన్ బృందంలో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ 1969లో ఫంకీ డ్రమ్మర్ పాటకు వాయించిన బ్రేక్‌ను వందలాది పాటలు వాడుకున్నా, పాట రచయితగా పేరు లేని కారణంగా 2017లో చనిపోయేవరకు ఆయనకు దాని రాయల్టీ హక్కు దక్కలేదు. హక్కు రికార్డు కంపెనీకో, రచయితగా పేరున్నవారికో ఉంటుంది. శాంపిల్‌కు ప్రాణమైన వేలిని, గొంతును ఆ హక్కు తరచుగా గుర్తించదు. అనుమతి పత్రం ఉన్నంత మాత్రాన రుణం తీరినట్టు కాదని ఈ రెండు జీవితాలు నిరూపిస్తాయి.

యంత్రాల జ్ఞాపకశక్తికి హద్దులు చెరిగిపోయి, లక్షల పాటలు క్షణంలో అందుతున్న కాలంలో కూడా ఈ ఆల్బమ్‌లు పాతబడలేదంటే, వాటిని నిలబెట్టినది సాంకేతికత ఒక్కటే కాదని తేలుతుంది. షాఫెర్ నుంచి షాడో వరకు ఈ పరంపరలోని వారంతా ఇతరులు పట్టించుకోని ధ్వనిని ఆగి విన్నారు. వినడమే వారి తొలి రచన. ఆ ఓపిక శ్రోతకూ సంక్రమిస్తుంది, అతనికి దొరికే విశ్రాంతికి మూలం అదే. అందువల్ల ఈ ఆల్బమ్‌ల చరిత్రను వాటి కర్తల ప్రతిభ దగ్గర ఆపివేయరాదు. వేరా హాల్, స్టబుల్‌ఫీల్డ్, ఆక్సెల్‌రాడ్, పోహ్యోలా వంటి వారి పేర్లను కూడా అందులో చేర్చి, వారి అసలు రికార్డులను సంపూర్ణంగా వినే అలవాటు పెరిగినప్పుడే, అరువు తెచ్చుకున్న నాదంతో నిర్మించిన ఈ కళ తన మూలాలకు న్యాయం చేసినట్టవుతుంది.