దేశాల హద్దులు దాటిన వ్యాపారక్రీడ

సైన్యాధికారులు పటం మీద పోరును ముందే ఆడిచూసుకొనే యుద్ధక్రీడల పద్ధతిని వ్యాపార నిర్వహణ బోధనకు మలచి, 1950ల మలినాళ్లలో అమెరికన్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ కంప్యూటరుపై నడిచే ఆటను రూపొందించింది. అయితే ఒకే సరుకు చుట్టూ తిరిగే ఆ ఆట బహుళజాతి సంస్థల చిక్కులను నేర్పజాలదు. ఆ లోటును తీర్చడానికి పూనుకొన్నది హాన్స్ థోరెల్లి, రాబర్ట్ గ్రేవ్స్ షికాగో విశ్వవిద్యాలయంలో రూపొందించి, 1964లో గ్రంథరూపంలో వివరించిన ‘ఇంటాప్’. ఇందులో ప్రతి విద్యార్థి బృందమూ ఒక కంపెనీగా ఏర్పడి, అమెరికా, ఐరోపా ఉమ్మడి మార్కెట్, బ్రెజిల్ అనే మూడు ప్రాంతాలలో కర్మాగారం ఎక్కడ నెలకొల్పాలో, సరుకు ఎక్కడికి ఎగుమతి చేయాలో తేల్చుకోగా, ఆ నిర్ణయాలు ప్రత్యర్థుల ఎత్తుగడలతో ఢీకొన్నప్పుడు కలిగే లాభనష్టాలను కంప్యూటరు విడతవిడతకూ లెక్కగట్టేది. అంతర్జాతీయ వ్యూహం, అనగా వేర్వేరు దేశాల వనరులనూ గిరాకీనీ ఒకే దీర్ఘకాలిక ప్రణాళిక కిందికి తేవడం, ఉపన్యాసాలకంటె ఇట్టి అభ్యాసం వల్లనే విద్యార్థికి గట్టిగా పట్టుబడుతుంది. ఈ బోధనారీతి చరిత్రలో ఇంటాప్ స్థానం విస్మరించరానిది.