ఇసుకలోంచి తీసిన లోహం

1789లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త క్లాప్రోత్ రెండు కొత్త మూలకాలను గుర్తించాడు. ఒకటి యురేనియం, రెండోది జిర్కోనియం. ఆ రెండూ దాదాపు రెండు శతాబ్దాల తర్వాత హైదరాబాద్ మౌలాలిలో ఒకే ప్రహరీ లోపలికి చేరాయి. 1971లో మొదలైన అణు ఇంధన సముదాయం, అంటే మన నోటికి అలవాటైన ఎన్‌ఎఫ్‌సీ, యురేనియాన్ని గుళికలుగా చేసి, జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో నింపి రియాక్టర్లకు పంపుతుంది.

ఎన్‌ఎఫ్‌సీ అనగానే అందరికీ యురేనియమే గుర్తొస్తుంది. నన్నడిగితే ఈ సంస్థ అసలు ఘనత జిర్కోనియంలోనే ఉంది.

రియాక్టర్‌లో ఇంధనాన్ని కప్పే గొట్టం వేడికీ నీటికీ తట్టుకోవాలి, పైగా న్యూట్రాన్లను మింగకూడదు. ఆ గుణం జిర్కోనియానికి ఉంది. కేరళ, తమిళనాడు తీరాల ఇసుకలో అది జిర్కాన్ రూపంలో బాగానే దొరుకుతుంది. చిక్కల్లా దానితోపాటు వచ్చే హాఫ్నియంతోనే. రసాయన గుణాల్లో ఈ రెండూ కవలలు. 1923లో కోపెన్‌హాగన్‌లో కోస్టర్, హెవెషీ ఎక్స్‌రేల సాయంతో పట్టుకునేదాకా హాఫ్నియం జిర్కోనియం చాటునే ఉండిపోయింది. న్యూట్రాన్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం హాఫ్నియం తీరు పూర్తిగా వేరు: జిర్కోనియం కన్నా సుమారు 600 రెట్లు ఎక్కువగా మింగుతుంది. అందుకే పది లక్షల పాళ్ళలో 100 పాళ్ళకు మించి అది మిగలకూడదు.

ఇసుకను కాస్టిక్ సోడాతో కరిగించి, నైట్రిక్ ఆమ్లంలోకి తెస్తారు. ఆ ద్రావణాన్ని కిరోసిన్‌లో కలిపిన ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్‌తో కలియబెడితే జిర్కోనియం కిరోసిన్ వైపు పోతుంది, హాఫ్నియం ఆమ్లంలో ఉండిపోతుంది. ఒక్కసారితో తేలే పని కాదు. అంచెలంచెలుగా మళ్ళీ మళ్ళీ చేయాలి. శుద్ధమైన ఆక్సైడును క్లోరైడుగా మార్చి, మెగ్నీషియంతో చర్య జరిపితే బూడిదరంగులో, చిన్నచిన్న రంధ్రాలతో నిండిన ‘స్పంజ్’ వస్తుంది. తగరం, ఇనుము, క్రోమియం కాస్త కాస్త చేర్చి శూన్యంలో ఆర్క్‌తో కరిగిస్తే జిర్కలాయ్. దాన్ని సాగదీసి పలుచని గొట్టాలు చేస్తారు. సన్నని రజను ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది కాబట్టి ఏ దశలోనూ ఏమరుపాటు పనికిరాదు.

ఈ విద్య ముంబైలోని ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో పుట్టింది. దాని వెనకున్న పెద్ద పేరు బ్రహ్మ ప్రకాశ్. 1912లో లాహోర్‌లో పుట్టి, అమెరికాలో ఎంఐటీలో చదివి, బెంగళూరు ఐఐఎస్‌సీలో లోహశాస్త్ర విభాగానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. ఆ తర్వాత ట్రాంబేలో అణు లోహాల పనిని నడిపించారు. 1959లో అక్కడ అణు అవసరాలకు తగినంత శుద్ధమైన యురేనియం లోహం తయారైంది. శాస్త్రజ్ఞుడి పరిశోధన అంటే అచ్చయిన పత్రాల వరసే అనుకుంటాం. ఆయన విషయంలో ఆ కొలత చాలదు. ఎన్‌ఎఫ్‌సీని కూడా ఆయన పరిశోధన ఖాతాలోనే రాయాలి. 1972లో ఆయన తిరువనంతపురం అంతరిక్ష కేంద్రానికి వెళ్ళారు. ప్రయోగశాలలో సాధించినదాన్ని హైదరాబాద్‌లో టన్నుల లెక్కకు తెచ్చే బరువు ఎన్‌ఎఫ్‌సీ మొదటి ముఖ్య కార్యనిర్వాహకుడు ఎన్. కొండల్‌రావు భుజాన పడింది.

ఆ పని ఎంత అవసరమో 1974 తేల్చింది. పోఖ్రాన్ అణు పరీక్ష తర్వాత కెనడా సహకారం ఆపేసింది. ఆ దేశం సాయంతో మొదలైన రాజస్థాన్ రియాక్టర్లకు ఇంధనం ఇక మనమే చేసుకోవాలి. జాదుగూడ గని నుంచి వచ్చిన యురేనియపు పసుపు ముద్దను శుద్ధిచేసి, నల్లని పొడిగా మార్చి, అదిమి, హైడ్రోజన్ కొలిమిలో సుమారు 1700 డిగ్రీల దగ్గర కాలిస్తే వేలి కణుపంత గుళిక వస్తుంది. గుళికలు నింపిన గొట్టాలు 19 కలిపితే అరమీటరు పొడవున్న ఒక బండిల్. 220 మెగావాట్ల రియాక్టర్ ఒక్కదానికే ఒకేసారి 3672 బండిళ్ళు కావాలి. ఏ గొట్టం మూత వెల్డింగ్‌లోనైనా సూదిమొనంత లోపముంటే రేడియోధార్మిక పదార్థం రియాక్టర్‌ను చల్లబరిచే భారజలంలోకి చేరుతుంది.

తర్వాతి కాలంలో కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని వచ్చింది. తమిళనాడులోని పళయకాయల్‌లో జిర్కోనియం కర్మాగారం వెలిసింది. పక్కకు తీసేసిన హాఫ్నియానికీ గిరాకీ పుట్టింది: నయోబియంతో కలిపితే రాకెట్ ఇంజన్ల నాజిళ్ళకు పనికొచ్చే మిశ్రలోహం అవుతుంది. న్యూట్రాన్లను మింగే గుణం వల్లే రియాక్టర్ నియంత్రణ కడ్డీలకూ హాఫ్నియం పనికొస్తుంది.