ఖడ్గధారి యిచ్చిన ప్రజాస్వామ్యము

ఒక దేశము మఱియొక దేశముమీదికి సేనను బంపి, ప్రజాస్వామ్యము నేర్పుటకే వచ్చితినని చెప్పునపుడు, ఆ మాటయందలి సత్యాసత్యములను దెలియుట యెట్లు? దండెత్తినవారి హృదయములను దెఱచి చూడలేము. వారి చేతలను మాత్రము చూడగలము. ఇందులకు హైతీ చరిత్రము చక్కని యుదాహరణమని మే మెంచుచున్నాము.

హైతీ కరిబియను సముద్రమందలి చిన్న దేశము. అచ్చటి నల్లజాతి బానిసలు ఫ్రెంచి దొరలపై దిరుగబడి 1804వ సంవత్సరమున స్వతంత్రులైరి. విదేశీయులకు భూస్వామ్యము లేకుండ జేసిన వారి శాసనము ఆ దాస్యభీతినుండి పుట్టినదే. 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలను బంపి, పూర్వపు యజమానుల నష్టమునకై 15 కోట్ల ఫ్రాంకులు చెల్లింపవలసినదిగా నిర్బంధించెను. స్వేచ్ఛను గెలిచినవారే దానికి వెల యిచ్చుకొనవలసివచ్చెను.

1914 డిసెంబరులో అమెరికా నౌకాసైనికులు హైతీ జాతీయబ్యాంకునుండి 5 లక్షల డాలర్ల బంగారమును న్యూయార్కునకు దరలించిరి. 1915 జూలైలో అధ్యక్షుడగు గియోం సామును జనసమూహము వధింపగా, శాంతిస్థాపన మను పేర అమెరికా సేన తీరమున దిగెను. అప్పటి అమెరికా అధ్యక్షుడు విల్సను. లోకమున ప్రజాస్వామ్యమునకు రక్షణ గల్పింపవలెనని 1917 ఏప్రిలులో జర్మనీపై యుద్ధమునకు బిలుపునిచ్చినవా డాయనయే.

ఆ యేడే హైతీలో జరిగిన దేమి? విదేశీయులకు భూమి కొను హక్కు నిచ్చు రాజ్యాంగమును అమెరికావారు కోరిరి. హైతీ శాసనసభ సమ్మతింపక తన రాజ్యాంగమును దానే వ్రాసికొన బూనెను. జూనులో స్మెడ్లీ బట్లరను అమెరికా సేనాని యాధీనమందలి సాయుధ పోలీసుదళము ఆ సభను రద్దుచేయించెను. మఱుసటి యేట సైనికుల కనుసన్నల జనాభిప్రాయసేకరణము జరిగెను. అనుకూలముగా 98 వేలకు మించిన వోట్లును, ప్రతికూలముగా వేయికంటె దక్కువయు వచ్చెనట! ఆ పిమ్మట 1930 వఱకు ఆ దేశమున నెన్నికైన శాసనసభయే లేదు.

దొరతనమువారు రోడ్లు, వంతెనలు, ఆసుపత్రులు నిర్మించిన మాట నిజము. వారిలో సదుద్దేశము గలవారును లేకపోలేదు. కాని యా రోడ్లకై రైతులచే వెట్టిచాకిరి చేయించిరి. ఎదిరించిన షార్లమాను పెరాల్టును 1919లో జంపి, శవమును ఛాయాచిత్రము దీసి జనులలో బంచిరి. 1934లో సేన మరలినను, ఖజానాపై నజమాయిషీ 1947 వఱకు విడువలేదు.

ప్రేరణ మొక్కటి కాదు: బ్యాంకుల ధనాశ, పనామాకాలువ మార్గమున జర్మనులు పాదుకొందురను భయము, నల్లవారు పాలనకు దగరను జాత్యహంకారము. సభను మూయించిన బట్లరే 1935లో తాను బ్యాంకివారి లాభమునకై పనిచేసితినని బాహాటముగ నొప్పుకొనెను.

కావున మాకు దోచిన గీటురా యొక్కటి. ప్రజల ప్రతినిధులు "వలదు" అనినపుడు వచ్చినవారు వినిరా, సభకు దాళము వేసిరా? 2003లో ఇరాకునకు బోయినవారు మొదట మహాయుధముల మాట చెప్పిరి. అవి దొరకనిపిదప ప్రజాస్వామ్యపు మాట హెచ్చించిరి. అచ్చటను ఈ ప్రశ్న వేయదగినదే.

సంస్కారము గోరు మనకును నిందొక హెచ్చరిక గలదు. ఇంటనైనను గ్రామమునైనను, ఎదుటివారి నోరు మూసి వారికి మేలు చేయబూనిన చోట, ఆ మే లెవరిదో ముందుగా విచారించుకొందము.