ఉన్నిజిడ్డు: దాని పూర్వోత్తరములు

గొఱ్ఱెలను నమ్ముకొని బ్రదికిన మన కుఱుమకులమువారికి ఉన్ని యనగానే గొంగడి జ్ఞప్తికి వచ్చును. అయితే ఆ ఉన్నినుండియే మఱియొక పదార్థమును తీయుచున్నారనియు, అది నేడు అనేకదేశములలో చర్మలేపనములందును కేశసంరక్షణకు వాడు ద్రవ్యములందును చేరుచున్నదనియు మనలో పెక్కుమంది యెఱుగరు. దానికి లానోలిన్ అని పేరు. దాని చరిత్రమును మహాజనులకు సంగ్రహముగా విన్నవించుచున్నాను.

గొఱ్ఱె చర్మమునందలి సూక్ష్మగ్రంథులనుండి స్రవించు జిడ్డు ఉన్నిపోగులకు పట్టి, ఆ జీవమును వానతడినుండి కాపాడును. లోకులు దీనిని కొవ్వందురు గాని రసాయనశాస్త్రరీత్యా ఇది మైనపు జాతికి చెందినది. శుద్ధిచేసిన పిమ్మట దీనిని నీటితో నూరినచో, తన బరువునకు ఇంచుమించు రెట్టింపు నీటిని తనలో నిముడ్చుకొనును. చర్మముపై పూసినచో లోపలి తేమ ఆవిరియై పోకుండ నిలుపును. పగిలిన పెదవులకును మడమలకును, ఎండి పెళుసైన వెండ్రుకలకును ఇది మేలుచేయుట అందువలననే. అయినను కొందఱి శరీరమునకు ఇది సరిపడక దద్దురు పుట్టించును గనుక ముందు కొంచెము పూసి పరీక్షించుట మంచిది.

దీని గుణమును ప్రాచీనులే కనుగొనిరి. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకు వైద్యుడైన డయోస్కోరిడీసు, జిడ్డు ఉన్నిని వేడినీట కడిగి పిండి, ఆ నీటిని గరిటెతో ఎత్తిపోసి నురుగు తేర్చి, పైకి తేలిన జిడ్డును తీసి, తెల్లబడువఱకు మరల మరల కడిగి మట్టికుండలో భద్రపఱచు విధమును వ్రాసెను. రోమునగరపు స్త్రీలు దీనిని ముఖమునకు పూసుకొనెడివారు. దాని దుర్గంధమును గూర్చి ఓవిడ్ కవి పరిహాసమాడెను. మందుగా పనికివచ్చినను వాసనయు మాలిన్యమును పూర్తిగా పోగొట్టు ఉపాయము మాత్రము చిరకాలము దొరకలేదు.

ఆ ఉపాయమును జర్మనీ దేశపు శాస్త్రజ్ఞులు సాధించిరి. 1882లో బ్రౌన్, లీబ్రైఖ్ అనువారు శుద్ధిచేయు విధానమునకు హక్కుపత్రము పొందిరి. లాటిను భాషలో ఉన్నికి, నూనెకు గల పేర్లను కలిపి దీనికి లానోలిన్ అను నామమిడిరి. పిమ్మట లిఫ్షూట్స్ అను రసాయనజ్ఞుడు ఉన్నిజిడ్డునుండి యూసెరిట్ అను పదార్థమును తీసెను. దాని సాయముననే 1911లో హాంబర్గు నగరమున నివియా లేపనము వెలువడినది.

ఇంగ్లాండునందలి బ్రాడ్ఫర్డు నగరపు చరిత్ర మఱియు బోధకరము. అచట ఉన్ని కడిగిన మురికినీరు ఏటిలో కలిసి ఊరికి పీడయయ్యెను. పురపాలకులు ఎషోల్టు అను చోట ఆ నీటియందు గంధకామ్లము కలిపి జిడ్డును వేఱుచేసి విక్రయించిరి. నిన్నటి మురికి నేటి సొమ్మైనది.

ఇక మన సంగతి. ఇది విని మన గొఱ్ఱెలనుండియు ధనరాశులు వచ్చునని ఎవరైన చెప్పినచో నమ్మవలదు. లానోలిన్ సమృద్ధిగా దొరకునది మెరీనోవంటి మెత్తని ఉన్నిజాతులయందు. మన దక్కను గొఱ్ఱె ఉన్ని కఱకు. దానియందు జిడ్డు స్వల్పము. చింతగింజల గంజి పట్టించిన గొంగడికే ఆ ఉన్ని తగినది. లేని గొప్పను చెప్పుకొనుట కులమునకు గౌరవము కాదు.

మఱి మనము గ్రహింపవలసిన దేమి? ఉన్నికి ఖ్యాతి తెచ్చినది మందను కాచిన చేయి మాత్రమే కాదు, ఉన్నిని పరీక్షించిన బుద్ధి కూడ. వేలయేండ్లు కాపరులు ఆ జిడ్డును చేతులకు పట్టించుకొనిరి. లాభము దానిని శోధించినవారికి దక్కెను. మన ఉన్నికి తగిన ఉపయోగమేదియో దానిని మనమే శోధింపవలయును. మన బాలబాలికలు మందను ఎఱిగియుండియే పశువైద్యమును, రసాయనశాస్త్రమును అభ్యసించినచో, రేపు ఈ చరిత్రమున మనవారి పేరును వ్రాయుటకు తావుండును. అందులకు పోషకులు విద్యార్థులకు చేయూత నొసగుదురు గాక.