ఆన్‌లైన్ చెస్ రేటింగ్, ఫిడే రేటింగ్

చెస్.కామ్, లీచెస్ వంటి వేదికలు తమ సభ్యుల ఆటబలాన్ని అంచనా వేసి ఇచ్చే సంఖ్యను ఆన్‌లైన్ చెస్ రేటింగ్ అంటారు. అంతర్జాతీయ చెస్ సమాఖ్య అయిన ఫిడే ఇచ్చే రేటింగ్ మాత్రం గుర్తింపు పొందిన టోర్నీల్లో, ఆర్బిటర్ల సమక్షంలో, బోర్డు ముందు ఆడిన ఆటల ఫలితాల నుంచి వస్తుంది. రెండూ చూడటానికి ఒకేలాంటి సంఖ్యలే. అందుకే ఫోన్‌లో 1700 తెచ్చుకున్న అనకాపల్లి కుర్రాడు విశాఖపట్నంలో తొలి రేటింగ్ టోర్నీకి వెళ్లేటప్పుడు అక్కడా తనది అంతే బలమనుకోవడం సహజం. కానీ ఒకదానిలోంచి ఇంత తీసేస్తే రెండోది వస్తుందనే సూత్రం ఏదీ లేదు.

ఫిడే 1970లో చేపట్టిన పద్ధతిని రూపొందించినవాడు అర్పాద్ ఎలో, అమెరికాలో స్థిరపడిన హంగేరీ సంతతి భౌతికశాస్త్ర ఆచార్యుడు. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడు సగటున నూటికి 76 వంతుల పాయింట్లు రాబడతాడని ఆ లెక్క చెబుతుంది. పద్దెనిమిదేళ్లలోపు 1500 ఆటగాడు 1700 వాడిని ఓడిస్తే ఒక్క ఆటలో సుమారు 30 పాయింట్లు పెరుగుతాయి. ఆన్‌లైన్ వేదికలు మార్క్ గ్లిక్‌మన్ రూపొందించిన గ్లికో పద్ధతులను వాడతాయి. వీటిలో రేటింగ్ ఎంత నమ్మదగినదో కూడా లెక్కలోకి వస్తుంది. కొత్త ఖాతాల, చాలాకాలం ఆడని ఖాతాల రేటింగ్‌లు ఎక్కువగా ఊగుతాయి.

అసలు తేడా సూత్రంలో కంటే ఆడేవాళ్లలోనే ఉంది. ఏ రేటింగైనా ఒక గుంపులో ఆటగాడి స్థానాన్ని మాత్రమే చెబుతుంది. లీచెస్‌లో కొత్తవాడు 1500 దగ్గర మొదలవుతాడు. మధ్యస్థాయి ఆటగాడికి అక్కడి సంఖ్య చెస్.కామ్‌లో ఉన్నదానికంటే సాధారణంగా ఎక్కువే ఉంటుంది. పైస్థాయిలో తీరు వేరు. బోర్డు మీద క్లాసికల్ (దీర్ఘ) ఆటల్లో ఇప్పటివరకు అత్యధికం 2014 మేలో మాగ్నస్ కార్ల్‌సన్ అందుకున్న 2882. చెస్.కామ్‌లో బ్లిట్జ్ అనే వేగపు ఆటలో హికారు నకమురా 3300 దాటాడు. వరంగల్ ఆటగాడు ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబరు జాబితాలో 2801కి చేరడం ఎంత పెద్ద ఘనతో ఈ ఆన్‌లైన్ సంఖ్య పక్కన పెట్టి చూస్తే తెలియదు, ఎందుకంటే ఆ రెండూ వేర్వేరు కొలబద్దలు.

గడియారం మరో చిక్కు. పది నిమిషాల ఆటను చెస్.కామ్ ర్యాపిడ్ అంటుంది, ఫిడే లెక్కలో అది బ్లిట్జ్. ఫోన్ మీద పది నిమిషాల్లో గెలిచే నేర్పు, మూడు గంటలకు పైగా సాగే ఆటలో కాగితం మీద ఎత్తులు రాసుకుంటూ, ముట్టిన పావునే కదపాలన్న నియమానికి లోబడి ఆడే ఓర్పు ఒకటి కావు. అనుభవం లేని పిల్లలు గుర్రాన్ని ముట్టుకున్నాక తప్పు గ్రహించడం నేను టోర్నీల్లో చూస్తుంటాను.

పాత పోలిక పట్టికలను నమ్మడం కూడా ప్రమాదమే. 2024 మార్చి 1న ఫిడే కనీస రేటింగ్‌ను 1000 నుంచి 1400కు పెంచి, 2000 లోపువారికి ఒకసారి సవరణ చేసింది: 1000 ఉన్నవారు 1400కు, 1500 ఉన్నవారు 1700కు చేరారు. ఆ స్థాయివారికి అంతకుముందు వేసిన అంచనాలు చెల్లకుండా పోయాయి.

గ్రాండ్‌మాస్టర్ వంటి బిరుదులకు ఆన్‌లైన్ సంఖ్య పనికిరాదు. తాండవ నది అవతల, అనకాపల్లి జిల్లా పాయకరావుపేటకు ఆనుకునే ఉన్న తుని అమ్మాయి బొడ్డ ప్రత్యూష 2020లో మహిళా గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆ బిరుదుకు కావలసిన 2300 ఫిడే రేటింగ్, నార్మ్‌లు (టోర్నీల్లో చూపాల్సిన నిర్ణీత స్థాయి ఫలితాలు) బోర్డు ముందే సంపాదించాలి. అలాగని ఆన్‌లైన్ ఆటకు విలువ లేదని కాదు. అదే ఏడాది జరిగిన ఆన్‌లైన్ ఒలింపియాడ్‌లో కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉన్న భారత జట్టు రష్యాతో కలిసి స్వర్ణం పంచుకుంది. సెమీఫైనల్లో పోలండ్‌పై హంపి నిర్ణాయక ఆట గెలిచింది. ఫైనల్లో ఇంటర్నెట్ అంతరాయం వల్ల ఇద్దరు భారత ఆటగాళ్లు సమయం కోల్పోవడంతోనే రెండు దేశాలనూ విజేతలుగా ప్రకటించారు.

మొదటి ఫిడే రేటింగ్ కోసం రేటింగ్ ఉన్న ప్రత్యర్థులతో కనీసం ఐదు ఆటలు ఆడాలి. ఆ ఆటలు 26 నెలల వ్యవధిలో పూర్తి కావాలి.